తొమ్మిది దాటని నిమిషాలు

నాలుగు మెషీన్లు ఎనిమిది నెలల్లో పదకొండు వందల నలభై రెండు సార్లు ఆగాయని, అందులో ఒక్కసారి కూడా పది నిమిషాలు ఆగలేదని తెలిసేసరికి ఇంజనీరమ్మకి కాళ్ల కింద నేల కదిలినట్టయింది.

శనివారం, మధ్యాహ్నం మూడు గంటలు. గైడు మేడం గది. బల్ల మీద రెండు వందల పేజీల థీసిస్, దాని మీద ఆ పొద్దున్నే గీసి తెచ్చిన బొమ్మ. ఎన్ని నిమిషాల స్టాపేజీ ఎన్నిసార్లు వచ్చిందో చూపించే గీతల బొమ్మ అది. ఒక నిమిషం దగ్గర చిన్న గీత, రెండు దగ్గర ఇంకాస్త పొడుగు, నాలుగైదు దగ్గర బాగా ఎత్తు, అక్కణ్ణించి మెల్లగా దిగుతూ ఎనిమిది దాకా వచ్చింది. తొమ్మిది దగ్గర ఉన్నట్టుండి ఒక స్తంభం. ఆ తరవాత నున్నటి బట్టతల.

"గుట్ట పక్కన సెల్ టవర్ పాతినట్టుందేమిటమ్మా?" అంది గైడు మేడం, కళ్లజోడు ముక్కు మీదికి జార్చి. పేజీలు నిర్దాక్షిణ్యంగా కోసిపారేస్తుందని విద్యార్థులు ఆవిణ్ణి చాటుగా కత్తెర అంటారు.

"సగటు ఆరు నిమిషాలొచ్చింది మేడం. సగటు బాగానే ఉంది కదా అని..."

"ఒకడు రెండు పూటలా తిని ఇంకొకడు పస్తుంటే, సగటున ఇద్దరూ ఒక పూట తిన్నట్టే. ఈ బొమ్మ గియ్యమని రెండు వారాల కిందటే చెప్పాను. ఇవాళ గీశావు." మేడం ఎర్ర పెన్ను మూత పెట్టేసింది. ఆ పెన్నుకి మూత పడిందంటే వ్యవహారం ముదిరిందని అర్థం. "మెషీనుకి తొమ్మిది తెలిసి పది తెలీకుండా ఉంటుందా? ఈ అంకెలు ఎవరో చెక్కారు."

బాటిల్ మూతలు చేసే ఫ్యాక్టరీలో పన్నెండేళ్ల సర్వీసు ఇంజనీరమ్మది. ఇంజనీరింగ్ మేనేజ్‌మెంట్‌లో పీజీ చేస్తే ప్లాంట్ మేనేజరు కుర్చీకి దారి దొరుకుతుందని మూడేళ్లుగా ఆదివారాలన్నీ క్లాసులకి ధారపోసింది. మెషీన్లు ఎందుకు ఆగుతున్నాయి, ఎలా తగ్గించాలి, ఇదీ థీసిస్. స్టాపేజీలన్నీ చిన్నవే కాబట్టి పెద్ద మరమ్మతులు అక్కర్లేదు, ఇరుక్కున్న మూతలు తియ్యడానికి షిఫ్టుకి ఒక మనిషి చాలు అని తేల్చింది. ఆ తేల్చిందంతా ఇప్పుడు గాలిలో దీపం.

"సోమవారం పదింటికి నేను సంతకం పెట్టాలి. నిజం అంకెలు తెస్తే పెడతాను. తేకపోతే పెట్టను."

"గడువు ఇంకొక్క నెల..."

"మీ పాప పుట్టినప్పుడు ఒకసారి పెంచారు. రెండోసారి పెంచే రూలు లేదు. రిజిస్ట్రేషన్ రద్దయిపోతుంది. మళ్లీ మొదటి సెమిస్టరు నించి." మేడం గ్లాసులో నీళ్లు పోసి ముందుకి జరిపింది. గొంతు కాస్త మెత్తబడింది. "తాగు. తాగి వెళ్లు. ఎవరు చేశారన్నది తరవాత, ఎందుకు చేశారో చూడు. ఎందుకు తెలిస్తే మనిషి వాడంతట వాడే దొరుకుతాడు."

ఎందుకన్నది మెట్లు దిగుతుండగానే తట్టింది. ప్రతి మెషీనుకీ ఒక అట్ట, అట్టకో క్లిప్పు, క్లిప్పుకో కాగితం, దారంతో కట్టిన పెన్ను. ఆగినప్పుడు ఒక టైము, మళ్లీ నడిచినప్పుడు ఒక టైము ఆపరేటరే రాయాలి. కాగితం అడుగున ఫ్యాక్టరీ వాళ్లు ఎర్రక్షరాల్లో అచ్చేసిన ముక్క ఉంటుంది: పది నిమిషాలు దాటితే ఆపరేటరు సంజాయిషీ రాసివ్వాలి.

ఇంకేముంది! సంజాయిషీ తప్పించుకోడానికి అందరూ తొమ్మిదికి కుదించి రాశారన్నమాట. ఇంజనీరమ్మ స్కూటరు నేరుగా ఫ్యాక్టరీకి తిప్పింది.

మూడో నంబరు మెషీను దగ్గర సైరన్ అక్క ఉంది. అసలు పేరు హాజరు పట్టీకి తప్ప ఎవరికీ గుర్తులేదు. నాలుగు మెషీన్లూ ఒకేసారి మోగుతున్నా ఆవిడ పిలిస్తే గేటు దగ్గర వాచ్‌మన్ పలుకుతాడు.

"అక్కా, ఒక్క మాట. నిజం చెప్పాలి. స్టాపేజీ టైములు తగ్గించి రాస్తున్నారా మీరంతా?"

సైరన్ అక్క చేతిలో మూతల ట్రే కింద పెట్టింది. "ఏమన్నావు?"

"కోప్పడకు. పది దాటినవి తొమ్మిదని..."

"ఇరవై రెండేళ్లయింది నేనీ మెషీను ముందు నిలబడి. నన్ను దొంగ రాతలు రాశావంటావా? మొన్న వర్షాల్లో హీటరు పోయి నలభై ఏడు నిమిషాలు ఆగితే నలభై ఏడే చూపించాను! సంజాయిషీ కూడా రాసిచ్చాను! నా రాత కోడి కెలికినట్టుంటుంది గానీ అబద్ధం ఉండదు!"

గేటు దగ్గర వాచ్‌మన్ తల తిప్పి చూశాడు.

"మరి నా లెక్కలో నలభై ఏడు లేదే అక్కా. మూడో నంబరుకి తొమ్మిదే ఎక్కువ. అందుకే దానికి మరమ్మతు అక్కర్లేదని రాశాను."

సైరన్ అక్క ఈసారి అరవలేదు. దానికే భయమేసింది ఇంజనీరమ్మకి. ఆవిడ ఎడం చేతి గ్లౌజు తీసి చూపించింది. మణికట్టు మీద బెత్తెడు మేర హీటరుకి కాలిన మచ్చ, ఇంకా పూర్తిగా మానలేదు.

"మరమ్మతు అక్కర్లేదని రాశావా తల్లీ? ఆ మాట దీనికి చెప్పు."

ఇంజనీరమ్మ ఆ మచ్చ వైపు రెండోసారి చూడలేకపోయింది. డిగ్రీ సంగతి అటుంచి, ఈ థీసిస్ మేనేజ్‌మెంటు చేతికి వెళ్తే ఆ హీటరు ఇంకో రెండేళ్లు అలాగే ఉంటుంది. తన సంతకంతో.

"సంజాయిషీలు ఎవరికిచ్చారు?"

"ఇంకెవరికి? మన మహానుభావుడికి."

మహానుభావుడంటే షిఫ్ట్ ఇన్‌ఛార్జి. ఇంజనీరమ్మ గదిలోకి రావడం చూడగానే ఆయన కింది సొరుగు మోకాలితో మూసేశాడు. ఏసీ చల్లగానే ఉంది, ఆయన నుదురు మాత్రం తడిగా ఉంది.

"ఆ సొరుగు తియ్యండి."

"అబ్బే, అందులో ఏముంటాయి మేడం, నా టిఫిన్ డబ్బా..."

"డబ్బాయే అయితే ఇద్దరం తిందాం. తియ్యండి."

సొరుగు తెరుచుకుంది. సంజాయిషీల కట్ట. రబ్బరు బ్యాండు తెగిపోయేటంత లావు. ఇంజనీరమ్మ లెక్కపెట్టింది. నూట డెబ్బై తొమ్మిది.

"పైకి పంపలేదా ఒక్కటీ?"

"పంపితే ఏమంటారు మేడం? ఇన్నిసార్లు ఆగుతుంటే నువ్వేం చేస్తున్నావని నన్నే అంటారు. ఎవరి ఉద్యోగమూ పోకుండా సొరుగులో పెట్టుకున్నాను. అంతేగానీ మీ కాగితాలు మాత్రం నేను ముట్టుకోలేదు. నా పిల్లల మీద ఒట్టు."

ఇంజనీరమ్మ వేళ్ల మీద లెక్క వేసింది. ఎనిమిది నిమిషాల గీత చూస్తే, తొమ్మిది దగ్గర మహా అయితే యాభై ఉండాలి. ఉన్నవి రెండు వందల ముప్ఫై ఒకటి. పైన తేలినవి నూట ఎనభై పైచిలుకు. సంజాయిషీలు నూట డెబ్బై తొమ్మిది.

"ఒకరిద్దరు రాయకుండా ఎగ్గొట్టి ఉంటారులే," అంది గుమ్మంలో నిలబడి వింటున్న సైరన్ అక్క. "అందరూ నాలాగా సత్యసంధులా?"

అంటే ఆపరేటర్లు నిజమే రాశారు. అట్ట మీద సరిగ్గా ఉన్నది కంప్యూటరులోకి వెళ్లేసరికి మారింది. కానీ ఈ సంజాయిషీలతో పని జరగదు. ఒకదాంట్లో 'కొంతసేపు ఆగినది' అనుంది, ఇంకోదాంట్లో 'చాలాసేపు ఆగినది, క్షమించగలరు' అనుంది. చాలాసేపంటే ఎన్ని నిమిషాలో థీసిస్‌లో ఎలా రాయడం?

"పాత కాగితాలెక్కడ? నేను ఎంట్రీ అయ్యాక వెనక్కి తెచ్చిచ్చినవి?"

ఇన్‌ఛార్జి మొహం ఇంకాస్త చిన్నదయింది. "మీరే సంతకం పెట్టారు మేడం, ఇక అక్కర్లేదని. కాగితాలు చీల్చే మెషీన్లో వేశాం. మూతల పెట్టెల్లో అడుగున పరుపులు వేస్తాం చూడండి, అదే..."

ఎనిమిది నెలల సాక్ష్యం ముక్కముక్కలై లారీలెక్కి వెళ్లిపోయింది. తన సంతకంతోనే.

ఇంటికి వచ్చేదారిలో స్కూటరు ఎలా నడిపిందో ఆమెకే తెలీదు. కాగితాల సంచి ప్రతి శనివారం ఫ్యాక్టరీ నించి తనే స్వయంగా ఇంటికి తెచ్చేది. అక్కణ్ణించి ఆ సంచి మీద చెయ్యి వేసి, అంకెలు కంప్యూటరులో కొట్టినవాళ్లు ఇద్దరే. ఒకరు భర్త, ఇంకొకరు మావయ్యగారు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. పట్టాల్సింది మాత్రం తను, అదీ సోమవారం పదింటిలోగా.

తలుపు తీసింది మావయ్యగారే. బస్ డిపోలో ముప్ఫై ఒక్క సంవత్సరాలు టైమ్‌కీపరుగా చేసి రిటైరైన మనిషి. భుజం మీద పాప నిద్రపోతోంది.

"ఆరింటికి వస్తానన్నాను, ఏడుంపావయింది. సారీ మావయ్యగారూ."

"ఎంతమ్మా, తొమ్మిది నిమిషాలేగా! కాళ్లు కడుక్కుని రా, అన్నం చల్లారిపోతోంది."

ఎవరు ఎంత ఆలస్యంగా వచ్చినా ఆయనది ఆ మాటే. 'మా నాన్న గడియారానికి పది తెలీదు' అని భర్త ఎప్పుడూ వేసే పాత జోకు. అలవాటు కొద్దీ ఆమె కూడా చిన్నగా నవ్వి లోపలికి వెళ్లింది. ఏమీ అడగలేకపోయింది.

ఆదివారం పొద్దున్న వంటింట్లో భర్తని నిలదీసింది. ఆయన బట్టల కొట్టు నడుపుతాడు. ప్రపంచంలో ఏ ఇబ్బందినైనా డిస్కౌంటు ఇచ్చి వదిలించుకోవచ్చని ఆయన నమ్మకం.

"మావయ్యగారి కంటి ఆపరేషనప్పుడు రెండు వారాలు మీరు ఎంట్రీ చేశారు. నిజం చెప్పండి. చూడకుండా తోచిన అంకెలు కొట్టేశారా?"

"అబ్బా, పోలీసు స్టేషనా ఇది? చూసే కొట్టాను."

"అన్నీ తొమ్మిదులే ఎందుకున్నాయి మరి?"

"నాకేం తెలుసు? నేను కొట్టినవేవీ ఇప్పుడు అందులో లేవసలు. కంటికి కట్టు విప్పిన రోజే నాన్న కూర్చుని ఆ రెండు వారాలదీ మొత్తం మళ్లీ కొట్టారు. నేను కొట్టింది నచ్చలేదట. నీకు చెయ్యడం చేతకాదురా అన్నారు." ఆయన గొంతు తగ్గించాడు. "అయినా ఒకటి చెప్తాను విను మేనేజరు గారూ. ఆ మేడం కాళ్లో వేళ్లో పట్టుకుని సంతకం పెట్టించెయ్యి. ఎవరు చూస్తారు తొమ్మిదో పదో?"

"సైరన్ అక్క మణికట్టు చూస్తుంది."

ఆయనకి అర్థం కాలేదు గానీ, ఆమె మొహం చూసి బేరం ఆపేశాడు. గుడ్డసంచి తీసుకుని, కొట్టు దాకా వెళ్లి అరగంటలో వస్తానని చెప్పి బయటపడ్డాడు.

ముందు గదిలో మావయ్యగారు కంప్యూటరు పక్కన కుర్చీలో కూర్చుని ఉన్నారు. పాప ఒళ్లో కూర్చుని ఆయన కళ్లజోడు పీకే పనిలో ఉంది. మోచేతి కింద ఎప్పుడూ ఉండే పొడుగాటి రూళ్ల పుస్తకం. డిపో అట్ట ఇంకా ఊడలేదు. ఆయన ఆత్మకథ రాసుకుంటున్నారని ఇంట్లో అందరి నమ్మకం. ఎవరైనా దగ్గరికి రాగానే మూసేస్తారు కాబట్టి ఆ నమ్మకం బలపడింది.

ఇంజనీరమ్మ ఎదురుగా కూర్చుంది. ఎలా మొదలుపెట్టాలో తెలీలేదు. కాలేజీ ఫీజుల గొడవలో, పాప జ్వరాల్లో, ఒక్కసారి కూడా విసుక్కోకుండా, ఒక్క వేలితో టకటకమని వెయ్యిన్నీ నూట నలభై రెండు అంకెలు కొట్టిపెట్టిన మనిషి. నిమిషాలు నా శాఖ, నాకు వదిలెయ్యి తల్లీ అని సంచి తీసుకున్న రోజు ఆమెకి గుర్తుంది. రెండు టైములకీ తేడా తీసి ఎన్ని నిమిషాలో అది మాత్రం కొట్టండి చాలు అని తనే చెప్పింది. మళ్లీ ఒకసారైనా సరిచూసుకోలేదు.

తలుపు చప్పుడైంది. భర్త సంచితో లోపలికి వచ్చాడు. గోడ గడియారం చూసి నాలిక్కరుచుకున్నాడు.

"గంట దాటిపోయిందా! దారిలో పాత కస్టమరు పట్టుకున్నాడు నాన్నా. వదిలితేగా..."

"పోనీలేరా, తొమ్మిది నిమిషాలే."

ఇంజనీరమ్మ తలెత్తింది. గడియారం వైపు చూసింది. మావయ్యగారి వైపు చూసింది. గుట్ట పక్కన సెల్ టవరు కళ్ల ముందు నిలబడింది.

"మావయ్యగారూ," అంది మెల్లగా. "డిపోలో బస్సు ఎన్ని నిమిషాలు లేటయితే డ్రైవరుకి శిక్ష?"

ఆయన పాప చేతిలోంచి కళ్లజోడు తీసుకున్నారు గానీ పెట్టుకోలేదు. ఒళ్లో పెట్టుకున్నారు.

"పది," అన్నారు.

భర్త సంచి కింద పెట్టడం కూడా మర్చిపోయాడు.

"మీరు మార్చారని తిట్టడానికి రాలేదు. ఎందుకో చెప్పండి చాలు. రేపు పదింటికి నేను మేడం ముందు నిలబడాలి. నిజం అంకెలు లేకపోతే మూడేళ్ల చదువూ పోతుంది."

ఆయన పాపని కొడుకు చేతికి అందించారు. రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకున్నారు, డిపో మేనేజరు ముందు కూర్చున్నట్టు.

"నేనే మార్చాను తల్లీ. ఇంకెవర్నీ అడగకు. మూడేళ్ల చదువు పోతుందని తెలిస్తే నా చెయ్యి విరిచేసుకునేవాణ్ణి. తెలీలేదు.

"నేను ఉద్యోగంలో చేరిన ఏడాది. ఒక డ్రైవరు పధ్నాలుగు నిమిషాలు లేటుగా వచ్చాడు. దారిలో ఎవరో పెద్దావిడ ఎండకి పడిపోతే, బస్సాపి నీళ్లు తాగించి, నీడలో కూర్చోబెట్టి వచ్చాడట. నాకు చెప్పాడు. నేనేమో కొత్త, పైగా నిజాయితీ పిచ్చి. పధ్నాలుగే రాశాను. ఎందుకన్నది రాయడానికి ఆ పుస్తకంలో గడి లేదు. పది దాటితే ఎర్ర గుర్తు. అతనికది మూడో గుర్తు. స్టీరింగు లాగేసుకుని, బస్సులు కడిగే పనిలో వేశారు. ఎక్కడనుకున్నావు? సరిగ్గా నా కిటికీ ఎదురుగా. పదకొండేళ్లు కడిగాడు. రోజూ పొద్దున్నే, బాగున్నారా సార్ అనేవాడు. తిట్టినా బాగుండేది. అప్పటినించీ నా చెయ్యి పది రాయడం మానేసింది. ఇరవై నిమిషాలు లేటయినా తొమ్మిది, గంటయినా తొమ్మిది. నా డిపోలో మళ్లీ ఎవడూ బస్సులు కడగలేదు.

"నువ్వు సంచి తెచ్చిచ్చావు. మొదటి కాగితం తీశాను. పైన ఆపరేటరు నంబరు. అడుగున ఎర్రక్షరాల్లో అదే రూలు, అదే పది. ఆ పన్నెండో నంబరు ఆవిడెవరో, కోడి కెలికినట్టు రాస్తుంది, ఒక రోజు నలభై ఏడు నిమిషాలు చూపించింది పాపం, దాచుకోకుండా. ఈ నలభై ఏడు నేను కొడితే ఆవిడ రేపట్నించి ఏం కడగాల్సొస్తుందో అనిపించింది. కొట్టలేకపోయాను. ఆ రెండు వారాలు వీడు ఉన్నదున్నట్టు కొట్టేస్తే, కూర్చుని అవి కూడా మార్చాను. నువ్వు మనుషుల్ని కొలుస్తున్నావనుకున్నానమ్మా. మెషీన్లని కొలుస్తున్నావని నాకు తెలీదు. అడిగి ఉండాల్సింది. మావగారికి ఇది కూడా తెలీదా అనుకుంటావని అడగలేదు.

"ఆ మొహం అలా పెట్టకు. విను. తొమ్మిది రాసినంత మాత్రాన నిజం పారేస్తానా? బస్సు ఎక్కడ ఎందుకు ఆగుతోందో ఎవరో ఒకరికి తెలియాలిగా. అందుకని డిపోలో నాకెప్పుడూ రెండు పుస్తకాలుండేవి, ఒకటి ఆఫీసుకి, ఒకటి నాకు. ఇదిగో, మీరంతా ఆత్మకథ అనుకుంటున్నారే, ఇది. నీ కాగితాలవే, ఎనిమిది నెలలవీ. తేదీ, మెషీను, ఆగిన టైము, నడిచిన టైము. పక్కన ఎందుకో కూడా రాశాను, వాళ్లు రాసినంత మటుకు. తొమ్మిదిగా మార్చిన ప్రతిదాని పక్కనా చుక్క పెట్టాను. నూట ఎనభై రెండు చుక్కలు. నిన్న నువ్వు మొహం వేలాడేసుకుని వచ్చినప్పుడే లెక్కపెట్టుకున్నాను. చెప్పడానికే నోరు రాలేదు.

"ఇంకా పన్నెండు కూడా కాలేదు. కుర్చీ ఇటు లాక్కో. నాకు ఒక్క వేలే నడుస్తుంది గానీ ఆగకుండా నడుస్తుంది. నువ్వు చుక్కలున్నవి చదువుతూ ఉండు, నేను కొడతాను. పది దాటినా కొడతాను."